కంప్యూటరులో మెమొరీ పూర్తిగా కనిపించకపోవడం

విడిభాగాలు కొని ఇంటివద్ద కూర్చుకున్న కంప్యూటరులో, అమర్చిన మెమొరీ అంతా లెక్కకు రాకపోవడం తరచుగా ఎదురయ్యే సమస్య. ఎనిమిది గిగాబైట్ల ర్యామ్ అమర్చితే నాలుగే కనిపించడం, నాలుగు అమర్చితే మూడుంబావు మాత్రమే కనిపించడం, 256 మెగాబైట్ల స్టిక్కు 128గా కనిపించడం దీనికి ఉదాహరణలు. ఇలాంటప్పుడు ర్యామ్ పాడైపోయిందని చాలామంది నిర్ణయానికి వస్తారు. నిజానికి పాడైన ర్యామ్ అనేది ఈ సమస్యకు గల అనేక కారణాలలో ఒకటి మాత్రమే. ఎంత మెమొరీ తగ్గింది, ఏ దశలో తగ్గింది అనే రెండు ప్రశ్నలకు సమాధానం తెలిస్తే, కారణం చాలావరకు తెలిసినట్లే. ఏ పరికరమూ కొనకుండానే ఈ రెండు ప్రశ్నలకు సమాధానం కనుక్కోవచ్చు.

నేపథ్యం

1990ల చివరి నుండి తెలుగునాట ఇళ్ళలోకి వచ్చిన కంప్యూటర్లలో అసెంబుల్డ్ కంప్యూటర్లు చాలా ఉన్నాయి. కంపెనీ పేరుతో వచ్చే యంత్రం కంటే ఇవి చవక. పైగా ఒక్కో భాగాన్ని తరువాత మార్చుకునే వీలు కూడా ఉంది. సికింద్రాబాదులోని పార్క్ లేన్ వద్ద ఉన్న చినాయ్ ట్రేడ్ సెంటర్ ఇటువంటి విడిభాగాల అంగళ్ళకు పేరుపొందింది. మదర్ బోర్డు ఒక చోట, ప్రాసెసరు మరొక చోట, ర్యామ్ వేరొక చోట కొన్నప్పుడు అవన్నీ ఒకదానితో ఒకటి పొసగుతాయా లేదా అని చూసుకునే బాధ్యత కొన్నవారిపైనే పడుతుంది. మెమొరీ సమస్య చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది.

2000ల తొలి సంవత్సరాలలో తెలుగు పాఠకులకు మెమొరీ పెంచుకోవలసిన అవసరం మరొకటి వచ్చింది. విండోస్ 98లో తెలుగు యూనికోడు అక్షరాలు గుణింతాలతో, వత్తులతో సరిగా కూడుకునేవి కావు. 2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఖతి, లిపిని కూర్చే ఏర్పాటు వచ్చాయి. ఎక్స్‌పీకి కనీసం 64 మెగాబైట్లు, సౌకర్యంగా నడవడానికి 128 మెగాబైట్లు కావాలని తయారీదారు సూచించారు. అందువలన తెలుగులో చదవాలన్నా వ్రాయాలన్నా పాత యంత్రానికి మరో ర్యామ్ స్టిక్కు జోడించవలసి వచ్చేది. అది సగమే కనిపిస్తే ఆ ప్రయత్నమంతా ఆగిపోయేది.

ఖమ్మం నుండి భద్రాచలం మీదుగా దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచున ఉన్న ఊళ్ళలో ఈ సమస్య బరువు మరింత ఎక్కువ. భద్రాచలం నుండి హైదరాబాదు 300 కిలోమీటర్లకు పైగా దూరం. ఒక భాగాన్ని పరీక్షించే మనిషి దగ్గరలో లేనప్పుడు యంత్రాన్ని బస్సులో పట్టుకుని వెళ్ళడమో, కొత్త ర్యామ్ తెప్పించుకోవడమో చేయాలి. బాగున్న ర్యామ్‌ను పాడైందనుకుని తీసివేసి కొత్తది కొన్న తరువాత, అది కూడా సగమే కనిపిస్తే డబ్బుతో పాటు విద్యార్థికి ఎన్నో రోజుల పని పోతుంది. కారణం తెలియకుండా భాగం మార్చకూడదన్నది ఈ విషయంలో మొదటి సూత్రం.

కంప్యూటరు మెమొరీని లెక్కించే విధానం

మీట నొక్కినది మొదలు మెమొరీ లెక్క నాలుగు అంచెలలో జరుగుతుంది. ప్రతి అంచెలోనూ కొంత మెమొరీ తగ్గిపోయే అవకాశం ఉంది.

* మొదటి అంచె: ప్రతి ర్యామ్ స్టిక్కు మీద పెద్ద చిప్పులతో పాటు ఒక చిన్న చిప్పు ఉంటుంది. ఆ స్టిక్కు పరిమాణం, వేగం, లోపలి అమరిక వంటి వివరాలు అందులో నమోదై ఉంటాయి. మదర్ బోర్డులోని బయోస్ మొట్టమొదట ఈ చిప్పును చదువుతుంది. స్లాటులో స్టిక్కు సరిగా కూర్చోకపోతే ఈ వివరాలు అందక, ఆ స్లాటు ఖాళీగా ఉన్నట్లు బయోస్ భావించవచ్చు.
* రెండవ అంచె: మెమొరీని నడిపే భాగాన్ని మెమొరీ కంట్రోలరు అంటారు. పాత యంత్రాలలో ఇది మదర్ బోర్డు చిప్‌సెట్‌లో ఉండేది. ఏఎండీ సంస్థ 2003లో అథ్లాన్ 64తో, ఇంటెల్ సంస్థ 2008లో కోర్ ఐ7తో దీనిని ప్రాసెసరు లోపలికి తెచ్చాయి. కంట్రోలరుకు తెలియని అమరిక గల స్టిక్కు అమర్చితే అది సగమే కనిపించవచ్చు, అసలు కనిపించకపోవచ్చు.
* మూడవ అంచె: మెమొరీలోని ప్రతి బైటుకు ఒక చిరునామా సంఖ్య ఇవ్వాలి. గ్రాఫిక్సు కార్డు, నెట్‌వర్కు కార్డు వంటి పరికరాలకు కూడా అదే వరుసలో కొన్ని సంఖ్యలు కేటాయించాలి. ఈ పంపకం బయోస్ చేస్తుంది.
* నాలుగవ అంచె: విండోస్, లినక్సు వంటి నిర్వహణ వ్యవస్థ బయోస్ ఇచ్చిన జాబితాను తీసుకుని, తన పరిమితులకు లోబడి ఎంత వాడుకోగలదో అంత వాడుకుంటుంది.

పై వరుసను గుర్తుంచుకుంటే వెతకడం సులువు. బయోస్ తెర మీదనే మెమొరీ తక్కువగా కనిపిస్తే లోపం మొదటి మూడు అంచెలలో ఉంది. బయోస్‌లో పూర్తిగా కనిపించి విండోస్‌లో తగ్గితే లోపం మూడవ లేదా నాలుగవ అంచెలో ఉంది. అప్పుడు సాధారణంగా క్యాబినెట్ విప్పవలసిన పని ఉండదు.

తగ్గిన అంకె చెప్పే విషయం

తగ్గిన మెమొరీ పరిమాణం ఒక్కో కారణానికి ఒక్కో తీరుగా ఉంటుంది.

* సరిగ్గా ఒక స్టిక్కు పరిమాణమంత తగ్గితే: స్టిక్కు సరిగా కూర్చోలేదు, లేదా స్లాటులో, ప్రాసెసరు సాకెట్టులో లోపం ఉంది.
* ఒకే స్టిక్కు తన పరిమాణంలో సగంగా కనిపిస్తే: అందులోని చిప్పుల సాంద్రత కంట్రోలరుకు పొసగలేదు.
* 8, 32, 64, 128 మెగాబైట్ల వంటి చిన్న అంకె తగ్గితే: మదర్ బోర్డులోనో ప్రాసెసరులోనో ఉన్న గ్రాఫిక్సు భాగం దానిని తీసుకుంది.
* నాలుగు గిగాబైట్లకు 2.75 నుండి 3.5 వరకు కనిపిస్తే: చిరునామాల కొరత.
* నాలుగు వేసినా, ఎనిమిది వేసినా మూడున్నర లోపే వాడకానికి వస్తే: నిర్వహణ వ్యవస్థ 32 బిట్లది.
* 512 మెగాబైట్లు, 8 గిగాబైట్లు వంటి నిండు అంకె దగ్గర ఆగిపోతే: చిప్‌సెట్ పరిమితి లేదా విండోస్ కూర్పు పరిమితి.
* ఒక రోజు పూర్తిగా, మరొక రోజు తక్కువగా కనిపిస్తే: వదులుగా ఉన్న స్పర్శ, దుమ్ము, లేదా నిజంగా పాడవుతున్న భాగం.

ఈ సందర్భంలో ఒక పొరపాటు అభిప్రాయాన్ని సవరించుకోవాలి. 500 గిగాబైట్ల హార్డుడిస్కు విండోస్‌లో 465గా కనిపించడం అందరికీ తెలుసు. డిస్కు తయారీదారులు వేయి లెక్కన, విండోస్ 1,024 లెక్కన కొలవడం వలన ఆ తేడా వస్తుంది. ర్యామ్ విషయంలో ఈ తేడా లేదు. ర్యామ్ తయారీదారులు కూడా 1,024 లెక్కనే వాడతారు. కనుక ర్యామ్ తగ్గితే దానికి వేరే కారణం ఉండి తీరాలి. పాత బయోస్‌లు మెమొరీని కిలోబైట్లలో చూపేవి. 1,31,072 అంటే 128 మెగాబైట్లు, 2,62,144 అంటే 256 మెగాబైట్లు.

ముఖ్య కారణాలు

గ్రాఫిక్సుకు పోయే వాటా

విడిగా గ్రాఫిక్సు కార్డు లేని యంత్రంలో తెరమీది బొమ్మను నిలుపుకోవడానికి కావలసిన చోటు ర్యామ్ నుండే తీసుకోబడుతుంది. 256 మెగాబైట్ల యంత్రం 248 చూపితే ఎనిమిది, 512 మెగాబైట్ల యంత్రం 480 చూపితే ముప్పది రెండు ఈ విధంగా పోయినవే. కొత్త యంత్రాలలో ఈ వాటా 512 మెగాబైట్లు గానీ, రెండు గిగాబైట్లు గానీ కావచ్చు. ఇది లోపం కాదు. బయోస్‌లో ఈ వాటాను తగ్గించుకునే అమరిక చాలా బోర్డులలో ఉంటుంది. విడిగా కార్డు అమర్చి లోపలి గ్రాఫిక్సును ఆపివేస్తే మొత్తం వెనక్కి వస్తుంది.

32 బిట్ల హద్దు

2000ల రెండవ భాగంలో నాలుగు గిగాబైట్ల ర్యామ్ సామాన్యులకు అందుబాటులోకి వచ్చినప్పుడు ఎక్కువమందిని తికమకపెట్టిన కారణం ఇదే. 32 బిట్లతో వ్రాయగల వేర్వేరు సంఖ్యలు 4,29,49,67,296. ఒక్కో బైటుకు ఒక్కో సంఖ్య ఇస్తే సరిగ్గా నాలుగు గిగాబైట్లకు సరిపోతాయి. అయితే ఈ సంఖ్యలన్నీ ర్యామ్‌కే చెందవు.

దీనిని ఒక వీధితో పోల్చవచ్చు. వీధిలో నాలుగు వందల ఇంటి నెంబర్లు మాత్రమే ఉన్నాయనుకుందాం. పై చివరన ఎనభై నెంబర్లను పంచాయతీవారు బడికి, ఆసుపత్రికి, తపాలా కార్యాలయానికి ముందే కేటాయించారు. అప్పుడు నాలుగు వందల ఇళ్ళు కట్టినా మూడు వందల ఇరవై ఇళ్ళకే నెంబర్లు దొరుకుతాయి. మిగిలిన ఎనభై ఇళ్ళు చెక్కుచెదరకుండా ఉంటాయి, కాని వాటికి ఉత్తరం వ్రాయలేము. కంప్యూటరులో కూడా గ్రాఫిక్సు కార్డు తదితర పరికరాలు నాలుగు గిగాబైట్ల హద్దుకు కింద కొన్ని చిరునామాలను తీసుకుంటాయి. గ్రాఫిక్సు కార్డు పెద్దదైన కొద్దీ ర్యామ్‌కు మిగిలే చిరునామాలు తగ్గుతాయి. అందువలననే ఒకే రకం ర్యామ్ ఒక ఇంట్లో 3.5గా, పక్కింట్లో 2.75గా కనిపించవచ్చు.

ఈ మరుగుపడిన మెమొరీని నాలుగు గిగాబైట్ల హద్దుకు పైన కొత్త చిరునామాలతో మళ్ళీ చూపవచ్చు. దీనిని మెమొరీ రీమ్యాపింగు అంటారు. అందుకు మూడు షరతులున్నాయి:

* చిప్‌సెట్‌కు ఆ శక్తి ఉండాలి. 2005 నాటి ఇంటెల్ 945 చిప్‌సెట్‌కు అది లేదు. 2006 నాటి 965కు ఉంది. 945 బోర్డులో 64 బిట్ల విండోస్ వేసినా పూర్తి నాలుగు గిగాబైట్లు రావు.
* బయోస్‌లో రీమ్యాపింగు అమరిక పనిచేస్తూ ఉండాలి. కొన్ని బోర్డులలో దానిని చేత్తో మార్చాలి.
* ప్రాసెసరు, నిర్వహణ వ్యవస్థ రెండూ 64 బిట్లవి అయి ఉండాలి.

1995లో పెంటియం ప్రోతో వచ్చిన ఒక పద్ధతి ప్రకారం 32 బిట్ల ప్రాసెసరు కూడా 36 బిట్ల చిరునామాలతో 64 గిగాబైట్ల వరకు చేరుకోగలదు. దానికి అనుగుణంగా తయారైన 32 బిట్ల లినక్సు కెర్నెలు నాలుగు గిగాబైట్లకు మించి వాడుకోగలదు. ఇంట్లో వాడే 32 బిట్ల విండోస్ కూర్పులు మాత్రం నాలుగు గిగాబైట్ల చిరునామా దగ్గరే ఆగిపోతాయి. 2021లో వచ్చిన విండోస్ 11కు 32 బిట్ల కూర్పు లేదు కాబట్టి అందులో ఈ ఇబ్బంది కనిపించదు. విండోస్ 7 లేక 10 కలిగిన పాత యంత్రాలలో మాత్రం దీనిని మొదటగా అనుమానించాలి. 32 బిట్ల నుండి 64 బిట్లకు మారాలంటే విండోస్‌ను కొత్తగా ఎక్కించవలసిందే. కాబట్టి ముందుగా దస్త్రాలన్నీ మరొక చోట భద్రపరచుకోవాలి.

విండోస్ కూర్పును బట్టి పరిమితి

64 బిట్ల విండోస్‌లో కూడా తయారీదారు కూర్పును బట్టి హద్దులు పెట్టారు. విండోస్ 7 హోమ్ బేసిక్ 8 గిగాబైట్లు, హోమ్ ప్రీమియం 16 గిగాబైట్లు, ప్రొఫెషనల్ 192 గిగాబైట్ల వరకు వాడుకుంటాయి. విండోస్ 10, విండోస్ 11 హోమ్ కూర్పుల హద్దు 128 గిగాబైట్లు. హోమ్ బేసిక్ యంత్రంలో 16 గిగాబైట్లు అమర్చితే, అమర్చినది 16 అనీ వాడదగినది 8 అనీ కనిపిస్తుంది. ఇక్కడ ర్యామ్ మార్చినా, బోర్డు మార్చినా ప్రయోజనం లేదు.

చిప్‌సెట్ పరిమితి, చిప్పుల సాంద్రత

ప్రతి చిప్‌సెట్‌కు మొత్తం మీద ఒక హద్దు, ఒక్కో స్టిక్కుకు ఒక హద్దు ఉంటాయి. ఇంటెల్ 815 గరిష్ఠం 512 మెగాబైట్లు, 865 గరిష్ఠం 4 గిగాబైట్లు. బోర్డు మీద మూడు స్లాట్లు ఉన్నంత మాత్రాన ప్రతి దానిలోనూ ఇష్టం వచ్చినంత వేయవచ్చని అర్థం కాదు.

స్టిక్కు సగంగా కనిపించడానికి చక్కని ఉదాహరణ 1998 నాటి ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్. 256 మెగాబైట్ల స్టిక్కును రెండు విధాలుగా తయారు చేయవచ్చు: ఒక్కొక్కటి 16 మెగాబైట్లున్న పదహారు చిప్పులతో, లేదా ఒక్కొక్కటి 32 మెగాబైట్లున్న ఎనిమిది చిప్పులతో. 440బీఎక్స్ మొదటి రకాన్ని పూర్తిగా చదువుతుంది. రెండవ రకంలో ప్రతి చిప్పులోనూ సగాన్నే చూడగలదు కాబట్టి 128గా చూపుతుంది. స్టిక్కులో ఏ లోపమూ లేదు. కొత్త బోర్డులో అమర్చితే 256గానే కనిపిస్తుంది. అంగడిలో వెల, పేరు ఒకటే అయినా చిప్పులను లెక్కపెట్టి చూస్తేనే ఈ తేడా తెలుస్తుంది.

ఇదే కథ తరువాతి తరాలలోనూ కొనసాగింది. డీడీఆర్2 కాలంలో ఏఎండీ యంత్రాలలో మాత్రమే పనిచేసే 4 గిగాబైట్ల చవక స్టిక్కులు మార్కెట్టులోకి వచ్చాయి. ఇంటెల్ బోర్డులలో అవి పనిచేయవు. డీడీఆర్3లో 16 గిగాబైట్ల స్టిక్కును అప్పటి ఇంటెల్ ప్రాసెసర్లలో చాలా వరకు గుర్తించవు. డీడీఆర్5లో 24, 48 గిగాబైట్ల స్టిక్కులు వచ్చినప్పుడు అనేక బోర్డులకు కొత్త బయోస్ ఎక్కించవలసి వచ్చింది.

స్లాట్లు, స్పర్శ

సరిగా కూర్చోని స్టిక్కు అతి సాధారణమైన కారణం. రెండు చివరల ఉన్న క్లిప్పులు టక్కుమని పడేవరకు సమంగా నొక్కాలి. కొన్ని బోర్డులలో ఒకవైపే క్లిప్పు కదులుతుంది. అటువంటి చోట రెండవ చివర పైకి లేచి ఉన్నా గమనించడం కష్టం. నాలుగు స్లాట్లున్న నేటి బోర్డులలో రెండు స్టిక్కులు వేయాలంటే సాధారణంగా ప్రాసెసరు నుండి లెక్కించి రెండవ, నాలుగవ స్లాట్లను వాడాలి. బోర్డు పుస్తకంలో ఈ వరుస స్పష్టంగా ఉంటుంది.

పాత యంత్రాలలో నియమాలు వేరు. 72 పిన్నుల స్టిక్కులు 32 బిట్ల వెడల్పు గలవి. పెంటియం ప్రాసెసరుకు 64 బిట్లు కావాలి కాబట్టి వాటిని జంటలుగానే వేయాలి. ఒంటిగా వేసినది లెక్కలోకి రాదు.

ప్రాసెసరు సాకెట్టు

కంట్రోలరు ప్రాసెసరులోకి వచ్చిన తరువాత ఒక కొత్త కారణం చేరింది. మెమొరీ తీగలు ఇప్పుడు ప్రాసెసరు సాకెట్టు గుండా వెళతాయి. సాకెట్టులో ఒక పిన్ను వంగినా, ప్రాసెసరు మీది ఫ్యానును ఒకవైపు ఎక్కువ బిగించినా ఒక చానెలు మొత్తం మాయమై సగం మెమొరీ కనిపించకపోవచ్చు. ఒక జంట స్లాట్లలో ఏ స్టిక్కు వేసినా కనిపించకపోవడం దీని గుర్తు. బోర్డు పోయిందని తేల్చేముందు ఫ్యానును తీసి నాలుగు మూలలూ సమంగా బిగించి చూడాలి.

విండోస్‌లోని ఒక అమరిక

విండోస్‌లో ఎంఎస్ కాన్ఫిగ్ అనే ఉపకరణంలో, బూట్ భాగం కింద గరిష్ఠ మెమొరీ అనే గడి ఉంది. మెమొరీ పెరుగుతుందన్న ఆశతో కొందరు దానిలో టిక్కు పెట్టి అంకె వ్రాస్తారు. ఆ గడి తక్కువ మెమొరీతో యంత్రం ఎలా నడుస్తుందో పరీక్షించడానికి ఉద్దేశించినది. దానివలన మెమొరీ తగ్గుతుందే తప్ప పెరగదు. అక్కడ టిక్కు ఉంటే తీసివేసి యంత్రాన్ని మళ్ళీ ప్రారంభించాలి.

పరీక్షించే క్రమం

ఖర్చు లేని పని ముందు, ఖర్చయ్యే పని చివర అన్న వరుసలో ఈ క్రింది విధంగా చేయాలి. ప్రతి మెట్టు వద్ద కనిపించిన అంకెను కాగితం మీద వ్రాసుకోవడం అవసరం.

1. బయోస్ తెరలో కనిపించే మొత్తాన్ని వ్రాసుకోవాలి. తరువాత విండోస్‌లో అమర్చినది ఎంత, వాడదగినది ఎంత అన్న రెండు అంకెలను వ్రాసుకోవాలి. విండోస్ 10, 11లలో టాస్క్ మేనేజరు మెమొరీ పుటలో ఎన్ని స్లాట్లు నిండాయో, పరికరాలకు ఎంత కేటాయించబడిందో కూడా కనిపిస్తుంది.
2. విండోస్ 32 బిట్లదా 64 బిట్లదా, ఏ కూర్పు అన్నది చూడాలి.
3. ఎంఎస్ కాన్ఫిగ్‌లోని గడిని చూడాలి.
4. బయోస్‌లో గ్రాఫిక్సు వాటాను, రీమ్యాపింగు అమరికను చూడాలి. వేగం పెంచే అమరికలేవైనా ఉంటే తీసివేసి సహజ వేగంతో ప్రారంభించాలి.
5. బోర్డు పుస్తకంలో గరిష్ఠ మెమొరీ ఎంతో, స్టిక్కుకు హద్దు ఎంతో చూడాలి.
6. ఇంతవరకు కారణం దొరకకపోతేనే క్యాబినెట్ విప్పాలి. మీట ఆపి, తీగను గోడ నుండి తీసి, ఆన్ మీటను కొద్ది క్షణాలు నొక్కి మిగిలిన విద్యుత్తును పోనివ్వాలి. క్యాబినెట్ లోహాన్ని తాకి ఒంటిమీది స్థిర విద్యుత్తును వదిలించుకోవాలి.
7. స్టిక్కులన్నీ తీసి, ఒక్కొక్కదానినే పుస్తకంలో చెప్పిన స్లాటులో వేసి ప్రారంభించాలి. తరువాత బాగున్నదని తేలిన స్టిక్కును ఒక్కొక్క స్లాటులో వేసి చూడాలి.
8. ఫలితం తేలకపోతే బయోస్ అమరికలను తొలి స్థితికి తేవాలి. అందుకు బోర్డు మీది గుండ్రని బ్యాటరీని కొన్ని నిమిషాలు తీసి పెట్టడం ఒక పద్ధతి.
9. బోర్డు తయారీదారు ఇచ్చిన కొత్త బయోస్ ఉంటే ఎక్కించాలి. ఈ పని జరిగేటప్పుడు కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. యూపీఎస్ లేకుండా చేయరాదు.

ఏడవ మెట్టు ఫలితాలను ఈ విధంగా అర్థం చేసుకోవాలి. ఒక స్టిక్కు ఏ స్లాటులోనూ కనిపించకపోతే లోపం స్టిక్కులో ఉంది. బాగున్న స్టిక్కు ఒకే స్లాటులో కనిపించకపోతే లోపం స్లాటులో ఉంది. ఒక చానెలుకు చెందిన రెండు స్లాట్లలోనూ కనిపించకపోతే ప్రాసెసరు సాకెట్టును అనుమానించాలి. విడివిడిగా అన్నీ కనిపించి, కలిపినప్పుడు మాత్రమే తగ్గితే అవి ఒకదానితో ఒకటి పొసగడం లేదు, లేదా చిప్‌సెట్ హద్దు దాటింది.

డీడీఆర్5 యంత్రాలలో ర్యామ్ మార్చిన తరువాత మొదటిసారి తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉండవచ్చు. కంట్రోలరు ఆ సమయంలో కొత్త స్టిక్కులకు తగిన వేగాన్ని సరిచూసుకుంటూ ఉంటుంది. తొందరపడి కరెంటు ఆపివేయకూడదు.

స్టిక్కు మీదనే అనుమానం మిగిలితే మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రామును పెన్ డ్రైవు నుండి నడిపి, కనీసం ఒక ఆవృత్తి పూర్తయ్యేవరకు ఉంచాలి. ఒక్క తప్పు చూపినా ఆ మెమొరీని నమ్మరాదు. కనిపించని మెమొరీ కంటే తప్పుగా గుర్తుంచుకునే మెమొరీ ఎక్కువ ప్రమాదకరం. అది వ్రాసుకున్న దస్త్రాలను మనకు తెలియకుండానే చెడగొడుతుంది.

స్థానిక వాతావరణం, శుభ్రత

గోదావరి పరీవాహకంలోని ఈ ప్రాంతంలో వేసవి, వానాకాలం రెండూ కంప్యూటరుకు పరీక్షలే. కొత్తగూడెం, భద్రాచలం, ఖమ్మం ప్రాంతాలలో వేసవి పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతూ ఉంటుంది. వేడికి లోహం వ్యాకోచించి, రాత్రి చల్లదనానికి సంకోచించడం వలన స్టిక్కు స్పర్శ కాలక్రమంలో సడలవచ్చు. వానాకాలపు తేమలో దుమ్ము అంటుకుని స్పర్శ స్థానాల మీద పొరగా ఏర్పడుతుంది. ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు వంటి బొగ్గు గనుల ఊళ్ళలో దుమ్ము సమస్య మరింత ఎక్కువ.

స్టిక్కు అంచున ఉండే బంగారు పూత చాలా పలుచనిది. పెన్సిలు గీతలు చెరిపే మెత్తని తెల్ల రబ్బరుతో ఒకటి రెండుసార్లు సున్నితంగా తుడవడం మరమ్మతుదారులు చేసే పని. గట్టిగా రుద్దినా, గరుకు కాగితం వాడినా పూత లేచిపోతుంది. తుడిచిన తరువాత రబ్బరు పొట్టు స్లాటులో పడకుండా చూడాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన మెత్తని బట్ట ఇంతకంటే మేలు; పూర్తిగా ఆరిన తరువాతనే అమర్చాలి. స్లాటులోని దుమ్మును పొడి కుంచెతో తీయాలి. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు పడి తుప్పుకు దారితీస్తాయి.

ర్యామ్ కొనేముందు

బోర్డు మీద అచ్చువేసి ఉన్న మోడలు పేరును, ఇప్పటికే ఉన్న స్టిక్కు మీది చీటీ వివరాలను కాగితం మీద వ్రాసుకుని, లేదా ఫోనులో ఫొటో తీసుకుని అంగడికి వెళ్ళాలి. డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ 240 పిన్నులు, డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులు ఉన్నా, మధ్యనున్న గాడి స్థానం వేరు. ఒకదాని చోట మరొకటి పట్టదు. బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది. రెండు స్టిక్కులు అవసరమైతే జంటగా అమ్మేవి తీసుకోవడం మేలు. పొసగకపోతే తిరిగి తీసుకుంటారా, వారంటీ ఎంతకాలం అన్నది బిల్లు మీద వ్రాయించుకోవాలి. దూరపు ఊరి నుండి వచ్చినవారికి ఆ ఒక్క వాక్యమే రెండవ ప్రయాణపు ఖర్చును తప్పిస్తుంది.

ఇవి కూడా చూడండి

* కంప్యూటరు
* మదర్ బోర్డు
* ర్యామ్
* బయోస్
* నిర్వహణ వ్యవస్థ
* యూనికోడు